ఆర్గాన్ టార్చికి నీళ్ళ కూలింగ్: డ్రమ్ముతో చేసుకోవాలా, కూలరు కొనాలా?

నేను ఆర్గాన్ (టిగ్) వెల్డింగ్ చేస్తాను. నా షెడ్డులో గోడ మేకుకు కాలిపోయిన టార్చి కేబులు ముక్క ఒకటి వేలాడుతుంటుంది. కొత్తగా పనికొచ్చిన పిలగాడెవరైనా సరే, మొదటిరోజే దాన్ని చేతికిచ్చి అడ్డంగా కోసిన వైపు చూడమంటాను. పైన బొటనవేలంత లావు రబ్బరు గొట్టం. లోపల పెన్సిలంత సన్నని రాగి తీగల జడ. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోనే నీళ్ళు పారాలి. మామూలుగా 250 ఆంపియర్లకు 35 నుంచి 50 స్క్వేర్ ఎంఎం కేబులు వేస్తాం కదా, ఈ జడ అందులో సగం కూడా ఉండదు. నీళ్ళు పారుతున్నంతసేపు అది 250 మోస్తుంది. నీళ్ళు ఆగిందంటే హీటర్ కాయిలే.

ఆ ముక్క కాలిన రోజు నేను అల్యూమినియం ప్లేటు మీద ఉన్నాను, 200 ఆంపియర్ల దగ్గర. చేతిలో టార్చి వేడెక్కుతోంది, ఎండాకాలం కదా అనుకున్నాను. ఇంతలో కాలి దగ్గర గొట్టం ఉబ్బి, బుస్సుమని పగిలింది. నీళ్ళు రాలేదు, ఆవిరి వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే నీళ్ళు తిప్పే పంపు ప్లగ్గు కింద పడి ఉంది, ఆ సాకెట్లో గ్రైండర్ తిరుగుతోంది. మా హెల్పర్‌ను అడిగితే, "అన్నా, బోర్డుల ఖాళీ లేకుండె. గదేందో ఊకెనే పెట్టి ఉన్నదని తీసిన" అన్నాడు. వాడి తప్పేం లేదు. ప్లగ్గు పీకితే ఆర్కు (లోహాన్ని కరిగించే కరెంటు మంట) కూడా ఆగిపోయేలా నేను కట్టుకోలేదు, తప్పు అక్కడుంది.

కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జూలైలో శంకుస్థాపన అయినప్పటి నుంచి ఆర్గాన్ నేర్చుకుంటామని వచ్చే పిల్లలు నన్ను ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుతున్నారు: టార్చికి నీళ్ళు తిప్పే కంపెనీ కూలరు కొనాలా, మనమే డ్రమ్ముతో చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. నేను ఇప్పటికీ డ్రమ్ము మీదే చేస్తున్నాను. కాకపోతే ఎక్కువమంది రేడియేటరు, ఫ్యాను మీద బుర్ర పెట్టి, పంపునీ స్విచ్చునీ వదిలేస్తారు. టార్చిని కాల్చేది ఆ వదిలేసినవే.

అసలు మీకు నీళ్ళు కావాలా?

స్టీల్ రెయిలింగ్, గేట్లు, కిచెన్ స్టాండ్లు మాత్రమే చేసేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. మిల్లీమీటరున్నర ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పైపుకు 60 నుంచి 90 ఆంపియర్లు చాలు. గాలికి చల్లబడే డబ్ల్యూపీ-17 టార్చి 150 వరకు, డబ్ల్యూపీ-26 టార్చి 200 వరకు లాగుతాయి. పైగా రెయిలింగ్ పనంటే మూడో అంతస్తు మెట్లెక్కాలి. అక్కడికి డ్రమ్ము మోయలేరు, మోయాల్సిన పనీ లేదు.

అల్యూమినియం అయితే కథ వేరు. మందం మిల్లీమీటరుకు దాదాపు 40 ఆంపియర్లని మోటు లెక్క ఒకటుంది. 5 ఎంఎం ప్లేటంటే 200. అదీ ఏసీ కరెంటులో. ఏసీలో టార్చి కొసన ఉండే టంగ్‌స్టన్ కడ్డీ వైపు కూడా వేడి బాగా పడుతుంది కాబట్టి, టార్చి మీద రాసిన ఆంపియర్లు అందులో అంత దాకా రావు. టార్చి చేత్తో పట్టలేక రోజులో నాలుగైదుసార్లు పక్కన పెడుతున్నారంటే నీళ్ళ టార్చి తీసుకోండి. డబ్ల్యూపీ-20 అయితే 250, డబ్ల్యూపీ-18 అయితే 350 ఆంపియర్లు. డబ్ల్యూపీ-20 తల చిన్నది, మూలల్లో దూరుతుంది. నా పనికి అదే సరిపోయింది.

డ్రమ్ము ఎంతది కావాలి?

టార్చికి నిమిషానికి ఒక లీటరు నీళ్ళు పారితే సరిపోతుంది. అల్యూమినియం మీద 200 ఆంపియర్ల దగ్గర నా టార్చిలోకి పోయే నీళ్ళకూ బయటికొచ్చే నీళ్ళకూ 10 డిగ్రీల తేడా కనిపించింది, చేపల తొట్టిలో పెట్టే డిజిటల్ థర్మామీటరుతో చూశాను. లీటరు నీళ్ళు నిమిషంలో 10 డిగ్రీలు వేడెక్కాయంటే అవి మోసుకుపోయే వేడి సుమారు 700 వాట్లు. నీళ్ళు కాచే చిన్న ఇమ్మర్షన్ రాడ్డు అనుకోండి.

ఆ 700 వాట్లు 50 లీటర్ల డ్రమ్ములో కలిస్తే ఒక డిగ్రీ పెరగడానికి 5 నిమిషాలు పడుతుంది. గంటసేపు ఆపకుండా ఆర్కు కొడితే 12 డిగ్రీలు. జాబ్ వర్క్ షెడ్డులో గంటకు గంట ఎవరూ ఆర్కు కొట్టరు. కోయాలి, రుద్దాలి, టాక్ (ముక్కలు కదలకుండా చిన్న అతుకు) పెట్టాలి, టంగ్‌స్టన్ పదును పెట్టాలి, మధ్యలో ఓనరు ఫోను. రోజు మొత్తం కలిపితే ఆర్కు వెలిగేది రెండు, రెండున్నర గంటలు. ఆ లెక్కన 50 లీటర్ల డ్రమ్ము సాయంత్రానికి 25, 30 డిగ్రీలు పెరుగుతుంది. మన మే నెలలో పొద్దున్నే నీళ్ళు 30 డిగ్రీల మీదే మొదలవుతాయి కాబట్టి అది చాలదు. అదే 200 లీటర్ల డ్రమ్ములో పెరిగేది 7 డిగ్రీలే. రేడియేటరు అక్కర్లేదు, ఫ్యాను అక్కర్లేదు, రాత్రికి అదే చల్లారుతుంది. చోటున్నవాళ్ళు మారుమాట లేకుండా 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చుకోండి. మందులూ యాసిడ్లూ పోసినది వద్దు.

డ్రమ్ముకు తడి గోనెసంచి చుడితే చల్లగా ఉంటుందని మా దగ్గర కొందరంటారు. ఇనుప డ్రమ్ముకు, ఏప్రిల్, మే పొడిగాలిలో అది నిజమే. ప్లాస్టిక్ గోడ గుండా వేడి అంతగా బయటికి రాదు, వానాకాలంలో గోనె ఆరనే ఆరదు. ఇనుప డ్రమ్ము పెడితే తుప్పు వచ్చి టార్చిలో కూర్చుంటుంది. నేను ఆ దారికి పోలేదు.

పంపు దగ్గర పొదుపు చేయొద్దు

అందరూ మొదట తెచ్చేది ఎయిర్ కూలర్‌లో ఉండే నీళ్ళ పంపే. నేనూ అదే తెచ్చాను. అది నీళ్ళను రెండు మీటర్లు ఎత్తుతుంది. పది మీటర్ల ఎత్తయితే ఒక బార్ ప్రెషర్, రెండు మీటర్లంటే 0.2 బార్. టార్చి గొట్టం లోపలి రంధ్రం చాలా సన్నం, నాలుగు మీటర్ల పొడవు పోయి మళ్ళీ రావాలి. దాన్ని దాటించడానికి రెండు, మూడు బార్లు కావాలి. ఎయిర్ కూలర్ పంపు పెడితే అవతల చుక్కలు పడతాయి, ధార పడదు. చుక్కలు పడుతుంటే పారుతున్నట్టే అనిపించడం దాంట్లో ఉన్న మోసం.

ఇంట్లో ట్యాంకు ఎక్కించే అర హెచ్‌పీ మోటరుకు ప్రెషర్ చాలు, మిగతావే ఇబ్బంది. అది తోడే నీళ్ళలో టార్చి గుండా పోయేది పిడికెడే, మిగతాదంతా బైపాసు గుండా డ్రమ్ములోకే తిరగాలి. అర హెచ్‌పీ అంటే 370 వాట్లు. ఆ తిప్పుడంతా చివరికి నీళ్ళలో వేడే అవుతుంది. టార్చి ఇచ్చే వేడిలో సగం మీ మోటరే కలిపినట్టు. పైగా దాని పోత ఇనుము బాడీ ఎర్రగా తుప్పు కారుతుంది.

మన ప్రాంతంలో సులువుగా దొరికేది ఇంకొకటుంది. పత్తికి మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు. విడిగా అమ్ముతారు, ఏ ఊళ్ళో స్ప్రేయర్లు బాగుచేసే దుకాణంలోనైనా ఉంటుంది. ప్రెషర్, ధార రెండూ టార్చికి సరిపోతాయి. కొత్తదే కొనండి, మందు కొట్టిన పాత పంపు ముట్టుకోవద్దు. దీనితో రెండు చిక్కులున్నాయి. ఒకటి, రోజంతా ఆగకుండా తిరగడానికి చేసిన మోటరు కాదది. చేయి పెట్టి చూడండి, కాలేంత వేడెక్కితే ఆపి చల్లారనివ్వాలి. నేను రెండు పెట్టి మార్చి మార్చి నడిపేవాణ్ణి. రెండు, దానికి కరెంటిచ్చే 12 వోల్టుల అడాప్టరును ఆర్గాన్ మిషనుకు దూరంగా పెట్టాలి. ఆర్కు రాజేసే హై ఫ్రీక్వెన్సీకి చవక అడాప్టర్లు పోతుంటాయి, నావి రెండు పోయాయి.

చాలాకాలం నడవాలంటే సోడా మిషన్లలో వాడే ఇత్తడి వేన్ పంపు పెట్టండి. కంపెనీ కూలర్లు చాలావాటిలో ఉండేది ఆ రకమే. దాని లోపలి కార్బన్ రేకులు ఇసుక రేణువుకు కూడా ఒరుసుకుపోతాయి కాబట్టి ముందు జాలీ తప్పనిసరి. నీళ్ళు లేకుండా ఎప్పుడూ తిప్పకండి.

ఏ పంపైనా దాని తర్వాత ఒక టీ పెట్టి, ఒక కొమ్మ టార్చికి, ఇంకో కొమ్మ చిన్న వాల్వు గుండా తిరిగి డ్రమ్ములోకి వదలండి. పక్కన 7 బార్ల గేజి. టార్చి గొట్టం సాధారణంగా తట్టుకునేది మూడున్నర బార్లే. వాల్వు తిప్పి రెండున్నర, మూడు మధ్య నిలపండి. స్ప్రేయర్ పంపు సొంత స్విచ్చు ఇంతకంటే పైనే కట్ అవుతుంది, దాన్ని నమ్ముకుంటే గొట్టం పగులుతుంది.

గొట్టాలు కలిపే వరస

టార్చి నుంచి మూడు గొట్టాలు వస్తాయి: సన్నవి రెండు, లావుది ఒకటి. సన్నవాటిలో ఒకటి గ్యాసు, ఒకటి చల్లటి నీళ్ళు లోపలికి. లావుది కరెంటు జడ ఉన్నది, నీళ్ళు వెనక్కి వచ్చేదీ అదే. అంటే చల్లటి నీళ్ళు ముందు టార్చి తలకు చేరాలి, తలను చల్లబరిచి, వచ్చే దారిలో జడను చల్లబరచాలి. తిరగేసి కలిపినా పారతాయి, కానీ జడ వేడంతా మోసుకుని తలకు చేరతాయి.

చాలా టార్చీలలో నీళ్ళ నట్లకు ఎడమ మర (ఎడమకు తిప్పితే బిగిసేది), గ్యాసు నట్టుకు కుడి మర ఉంటుంది. ఎడమ మర నట్టు అంచున చిన్న గాటు కనిపిస్తుంది. తిరగడం లేదని పానా వేసి బలవంతం చేస్తే ఇత్తడి మర పోతుంది. ముందు వేలితో గాటు వెతకండి. టెఫ్లాన్ టేపు వేసేటప్పుడు చివరి మర వదిలేసి చుట్టండి. తెగిన టేపు ముక్క టార్చి తలలో ఇరుక్కుంటే తీయడం నావల్ల కాలేదు, తల మార్చాల్సి వచ్చింది.

మీ మిషను మామూలుదైతే లావు గొట్టం నేరుగా అందులోకి ఎక్కదు. కరెంటు మిషనులోకీ నీళ్ళు పక్కకీ పోయేలా ఒక ఇత్తడి దిమ్మ కావాలి. టార్చి అమ్మేచోటే అడగండి. లేత్ దగ్గర చేయించుకునేవాళ్ళూ ఉన్నారు, రాగి రింగు సరిగా కూర్చోకపోతే ఆ దిమ్మ నుంచి కారే నీళ్ళు నేరుగా మిషను మూతికే పోతాయి.

దాని తర్వాత డ్రమ్ము దాకా మామూలు 8 ఎంఎం పీయూ పైపు, కంప్రెషర్ సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. పంపు ముందు జాలీ, పంపు తర్వాత ఆర్‌ఓ మిషన్లలో వేసే తెల్ల స్పన్ ఫిల్టరు. ఫిల్టరు తెల్లగా ఉందా, పచ్చబడిందా, ఎర్రబడిందా చూస్తే లోపల ఏం జరుగుతోందో విప్పకుండానే తెలుస్తుంది. పచ్చ నాచు, ఎర్ర తుప్పు.

డ్రమ్మును మిషను కంటే కింద, రెండు అడుగులు పక్కకు పెట్టండి. మిషను నెత్తిన నీళ్ళ డబ్బా పెట్టిన షెడ్లు చూశాను, చూడగానే వణుకొస్తుంది. పంపు బాడీకి ఎర్తింగ్, పంపు లైనుకు 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాలి. ప్లగ్గు పీకకుండా డ్రమ్ములో చెయ్యి పెట్టొద్దు.

ఇప్పుడు కొలవండి. ఆర్కు వేయకుండా పంపు మాత్రమే ఆన్ చేసి, వెనక్కి వచ్చే పైపును లీటరు సీసాలో పెట్టి ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కండి. 60 సెకన్లలోపు నిండాలి. 45 అయితే హాయి. 90 పట్టిందంటే ఫిల్టరు, మడత పడ్డ గొట్టం, వాల్వు, ఈ వరసలో వెతకండి. నేను ఇప్పటికీ సోమవారం సోమవారం ఈ సీసా పెడతాను.

నీళ్ళు లేకపోతే ఆర్కు రాకూడదు

ఆ ప్లగ్గు రోజున నాకు లేనిది ఇదే. ప్రెషర్ బూస్టర్ పంపుల్లో వాడే, నీళ్ళు పారితేనే కలిసే చిన్న ఫ్లో స్విచ్చు తెచ్చి, వెనక్కి వచ్చే లైనులో పెట్టండి. లోపలికి పోయే లైనులో పెడితే గొట్టం మధ్యలో పగిలినా నీళ్ళు పారుతున్నట్టే చూపిస్తుంది. కొన్ని స్విచ్చులు నిమిషానికి ఒకటిన్నర లీటర్లు దాటితే గానీ కలవవు, కాబట్టి లీటరు కంటే తక్కువకే కలిసేది అడిగి తీసుకోండి. టార్చి బటన్ నుంచి మిషనుకు పోయే రెండు సన్న వైర్లలో ఒకదాన్ని తెంపి ఈ స్విచ్చు గుండా కలపాలి. మిషను ప్లగ్గు తీసి చేయాల్సిన పని. వారంటీలో ఉన్న మిషనయితే మెకానిక్‌తో చేయించండి. అప్పుడు పంపు ఆగినా, ఫిల్టరు మూసుకుపోయినా, డ్రమ్ము ఎండినా బటన్ నొక్కితే ఆర్కు రాదు.

ఏ నీళ్ళు?

బోరు నీళ్ళు వద్దు. మన రాతి నేలలో బోరు నీళ్ళు పోస్తే టీ కాచే గిన్నెలో ఎలా తెల్లగా పేరుకుంటుందో, టార్చి తలలో అలాగే పేరుకుంటుంది. ఉప్పున్న నీళ్ళలో కరెంటు కూడా పారుతుంది. ఆర్కు రాజేసే హై ఫ్రీక్వెన్సీ నీళ్ళ దారిన జారిపోతుంది, రాగి కొద్దికొద్దిగా కరిగిపోతుంది. బ్యాటరీ దుకాణంలో అమ్మే డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్ళు) పోయండి. 200 లీటర్లంటే క్యాన్లు చాలానే కావాలి, ఒక్కసారికే కదా. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి, గుడ్డలో వడకట్టి వాడేవాళ్ళూ ఉన్నారు, పర్వాలేదు. ఆర్‌ఓ మెకానిక్ దగ్గరుండే టీడీఎస్ పెన్ను (నీళ్ళలో కరిగిన లవణాలు చూపేది) ఒకటి కొనుక్కోండి. కొత్త డీఎం వాటర్ పది లోపు చూపిస్తుంది. వంద దాటితే నేను మార్చేస్తాను.

కారు కూలెంట్ పోయమని ఎవరైనా చెప్తే వినకండి. అందులో కలిపే మందులు నీళ్ళలో కరెంటు పారేలా చేస్తాయి, కొన్నింట్లో కారుడు ఆపే పదార్థాలుంటాయి, అవి మన సన్న రంధ్రాలనే మూసేస్తాయి. నీళ్ళు గడ్డకట్టకుండా కలిపేది అది. వరంగల్లో డిసెంబరు తెల్లవారుజామున కూడా డ్రమ్ములో నీళ్ళు గడ్డకట్టవు. నాచు పట్టకుండా డ్రమ్ముకు మూత, ఎండ తగిలేచోట నల్ల పైపు. బ్లీచింగ్ పౌడర్ వేస్తే రాగి పోతుంది.

ఐసు గడ్డలు వేసే అలవాటు ఒకటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ కదా, ఐసు నీళ్ళు పారితే చల్లటి సీసాకు పట్టినట్టు టార్చి లోపల చెమట పడుతుంది. ఆ తేమ గ్యాసుతో కలిసి అల్యూమినియం వెల్డులో సూదిపోట్లలా రంధ్రాలు చేస్తుంది. గ్యాసు బాగలేదని సిలిండరు వాపసు చేస్తారు, తప్పు ఐసుది. నీళ్ళు షెడ్డు గాలి కంటే బాగా చల్లగా ఉండాల్సిన అవసరమే లేదు. వెనక్కి వచ్చేవి 50 డిగ్రీలు దాటకపోతే చాలు.

ఇప్పటికే సున్నం పట్టిన టార్చి అయితే లీటరు నీళ్ళకు ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి ఇరవై నిమిషాలు తిప్పి, రెండుసార్లు శుభ్రంగా కడగండి.

కొనే కూలరులో డబ్బు దేనికి?

రోజుకు నాలుగు గంటలకు మించి ఆర్కు వెలిగే పనైతే, ఆర్డరు గడువు నెత్తిన ఉంటే, సైటుకు తీసుకెళ్ళాల్సి వస్తే కంపెనీ కూలరే కొనండి. పది లీటర్లలోపు నీళ్ళు, ఇత్తడి పంపు, రేడియేటరు, ఫ్యాను, మిషనుతో మాట్లాడే ఫ్లో స్విచ్చు అన్నీ ఒక్క డబ్బాలో వస్తాయి. మీరు డబ్బిచ్చేది ముఖ్యంగా ఆ పంపుకూ స్విచ్చుకూ.

కొనేముందు దుకాణంలో నాలుగు అడగండి. ప్రెషర్ ఉన్నప్పుడు ఎంత పారుతుంది (ఖాళీగా ఎంత పారుతుందో అందరూ చెప్తారు). ఫ్లో స్విచ్చు తీగ మీ మిషను సాకెట్టుకు సరిపోతుందా. 230 వోల్టులదా, 415 వోల్టులదా, రెండు రకాలూ ఉంటాయి. పంపు పోతే ఎక్కడ దొరుకుతుంది.

ఐదోది క్యాటలాగులో చూడండి. కూలింగ్ పవర్ అని రాసిన వాట్లు చాలాసార్లు 20, 25 డిగ్రీల గాలికి లెక్కేసినవి. రేడియేటరు నీళ్ళను గాలి కంటే చల్లగా ఎప్పటికీ చేయలేదు. నీళ్ళకూ గాలికీ తేడా సగమైతే అది లాగే వేడీ సగమే. మే నెల రేకుల షెడ్డులో గాలి 45 దగ్గర ఉంటే ఆ పది లీటర్లు మీ 200 లీటర్ల డ్రమ్ము కంటే వేడిగా తిరుగుతాయి. ఎండాకాలంలో కూలరును గోడకు ఆనించకుండా, గ్రైండింగ్ దుమ్ము పడని నీడలో పెట్టి, వారానికోసారి రేడియేటరు రెక్కలను కంప్రెషర్ గాలితో ఊదండి.

రెండూ కలిపిన దారి కూడా ఉంది, ఇప్పుడు నా షెడ్డులో ఉన్నది అదే. మోటరు కాలిన పాత కూలరు నుంచి ఇత్తడి పంపు, ఫ్లో స్విచ్చు తీసుకుని, పంపుకు కొత్త మోటరు కట్టించి, 200 లీటర్ల డ్రమ్ముకు కలిపాను. రేడియేటరు ఇంకా మూలన పడి ఉంది. పంపు వైరు ఇప్పుడు సాకెట్టులో లేదు, గోడ బోర్డులో స్క్రూలు బిగించి ఉంది. అయినా కొత్త పిలగాడు వచ్చిన రోజు బోర్డు మీద స్విచ్చు ఆపేసి, టార్చి వాడి చేతికిచ్చి బటన్ నొక్కమంటాను. "అన్నా, ఆర్కు వస్తలేదు" అనాలి వాడు. ఆ మాట విన్నాకే పంపు ఆన్ చేస్తాను.